ఆరో రీలు

కైరోలో తొమ్మిది సెకన్లనేవాళ్ళు.
మా కెనాకి చేరేసరికి
ఆ నవ్వు ఐదు సెకన్లే.

సినిమా రైల్లో వచ్చేది,
చేపల బుట్టల పక్కన, సొట్టలు పడ్డ రేకు డబ్బాల్లో,
నైలుకి ఎదురు.
మూతల మీద సుద్దతో ఊళ్ళ పేర్లు,
ఒకదాని మీద ఇంకోటి కొట్టేసి:
టాంటా, బెనీ సువైఫ్, మిన్యా, అస్యూత్, సోహాగ్.
అప్పుడు మేం.
మా తర్వాత ఆస్వాన్, ఆ పైన ఎండ.

ఆరో రీలు నాకు కంఠతా వచ్చు.
ప్లాట్‌ఫాం మీద వగ్దీ షర్నూబీ,
చేతిలో ఒక్కటే సంచి.
వెనకనుంచి ఎవరో పేరుపెట్టి పిలుస్తారు.
ఆగుతాడు. వెంటనే తిరగడు.
ఆ తిరగకపోవడంలోనే ఉంది కిటుకంతా.
ముందు భుజం వింటుంది,
తర్వాత చెవి,
అప్పుడు మొహం మెల్లగా వెలుగులోకి వస్తుంది
పొయ్యి మీద పాలు పైకొచ్చినట్టు.
నవ్వు మాత్రం పూర్తిగా రాదు.
పెదవి ఎడమ మూలదాకా వచ్చి
గుమ్మంలో చెప్పులు విప్పుతున్న చుట్టంలా
లోపలికి రానా వద్దా అని నిలబడుతుంది.

హాల్లో నాలుగొందలమంది.
గింజలు కొరికే చప్పుడు అక్కడ ఆగిపోతుంది.
నా గది గవాక్షంలోంచి
రోజుకి మూడాటలూ వినేవాణ్ణి
ఆ ఆగిపోవడాన్ని.

ఆ వారం చక్కెర మిల్లులో
ఎవర్ని పిలిచినా వెంటనే తిరగడం మానేశారు.
మేస్త్రీలు గొంతు చించుకున్నారు.
క్షురకుడు బుత్రుస్‌కి విసుగొచ్చి
గోడమీద రాసి పెట్టాడు:
"అలాంటి జుట్టు నేను కొయ్యగలను,
అలాంటి మొహం అల్లా ఇవ్వాలి."

రీలు వేళ్ళమధ్య జార్చితే తెలిసిపోతుంది.
ఆ చోటంతా అతుకులే.
ఊరికో ఆపరేటరు, ఆపరేటరుకో కత్తెర.
టాంటావాడిది శుభ్రమైన చెయ్యి, గాయమే కనపడదు.
మిన్యావాడి జిగురు పక్కలకి కారింది,
చెయ్యి వణికిందో, యజమాని మెట్లెక్కుతున్నాడో.
అస్యూత్‌వాడు ఆశపోతు,
ఒక్క వేటుకి ఇరవై ఫ్రేములు!
తల కాస్త గెంతుతుంది అక్కడ, ఎక్కిళ్ళొచ్చినట్టు.
ఒక్కోటి అరకిలో ఖర్జూరాలకి అమ్మాడని విన్నాను.

వాళ్ళని దొంగలనడానికి నాకు నోరు లేదు.
నేనూ కోశాను.

ఒక్కటే. దిమ్యానా కోసం.
తను అడగలేదు.
కానీ ఆ వారమంతా రొట్టెల పొయ్యి దగ్గర
రెండుసార్లు పిలిస్తేగాని పలకలేదు.
దీపానికి ఎదురుగా పట్టి చూసింది
గోరంత మనిషిని.
తర్వాత నన్ను చూసింది.
మళ్ళీ అతన్ని.
బొత్తాల డబ్బాలో వేసి మూత నొక్కింది.
టక్కుమంది మూత.
ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు,
ఎందుకో అడగకండి.

ఇరవై రెండేళ్ళకి అతనే వచ్చాడు.
లక్సర్ వెళ్తుంటే కారు చెడిపోయిందట.
పొట్టివాడు. జేబునిండా దగ్గుమాత్రలు.
టిక్కెట్ల గదిలో అబ్బాయి గుర్తుపట్టనేలేదు.
"ఆరో రీలుందా మీ దగ్గర?" అన్నాడు.

ఖాళీ హాల్లో వేశాను.
పిలుపు. భుజం. చెవి.
ఒక గెంతు, ఇంకో గెంతు,
వెలుగు, అయిపోయింది.

"ఇంతేనా?
ఇంకాసేపు నవ్వినట్టు గుర్తే నాకు."

"మిగతాది నది పొడుగునా ఉంది ఉస్తాద్" అన్నాను.
"పర్సుల్లో ఉంది, ప్రార్థన పుస్తకాల్లో ఉంది.
సోహాగ్‌లో ఒకావిడతోపాటు
మట్టిలోకి కూడా వెళ్ళిందంటారు."
బొత్తాల డబ్బా సంగతి చెప్పలేదు.

ఏమీ అనలేదు. టోపీ తీసుకుని నడిచాడు.
తలుపుదాకా వెళ్ళాడో లేదో
మెకానిక్ కుర్రాడు బయటినుంచి
ఉత్త పేరుతో కేకేశాడు: "వగ్దీ!"

ఆగాడు.
వెంటనే తిరగలేదు.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
ఒకటి, రెండు, మూడు...
ఏడుదాకా బాగానే వచ్చింది,
ఆపైన లెక్క తప్పింది.